ఆగంతుక వత్తం, ఆవాసిక వత్తం: బస్తర్‌లో పర్యాటక నిర్వహణ తొలి పాఠాలు

ప్రయాణ, పర్యాటక, ఆతిథ్య నిర్వహణ బోధన సాధారణంగా అతిథి అవసరాలతో ఆరంభమవుతుంది. రవాణా, వసతి, భోజనం, దర్శనీయ స్థలాల సమాచారం అందులోని తొలి పాఠాలు. వినయపిటకంలోని చుల్లవగ్గ ఈ విషయాన్నే కర్తవ్యాల వైపు నుంచి చెప్పింది. అందలి వత్తక్ఖంధకం విహారానికి వచ్చే భిక్షువుకు ఆగంతుక వత్తాన్ని, అక్కడే ఉండే భిక్షువుకు ఆవాసిక వత్తాన్ని, వెళ్ళిపోయే భిక్షువుకు గమిక వత్తాన్ని వేర్వేరుగా విధించింది. బస్తర్ వంటి ప్రాంతంలో పర్యాటకాన్ని నేర్వదలచిన వారికి ఈ మూడు పాత్రల విభజన ఆధునిక పాఠ్యగ్రంథాలకంటె ముందు ఉపకరిస్తుంది.

ఆగంతుకుడు విహారంలో అడుగుపెట్టక ముందే పాదరక్షలు విడిచి, దుమ్ము దులిపి, గొడుగు ముడవాలి. తన వసతి ఏది, తాగునీరు ఎక్కడ, భిక్షకు వెళ్ళదగిన చోటు ఏది, ఏ వేళ లోనికి రావాలి, ఏ వేళ బయటకు వెళ్ళాలి అన్నవి అడిగి తెలుసుకోవాలి. వీటితోపాటు శైక్ష సమ్మతి పొందిన కుటుంబాలు ఏవో కూడా అడగాలి. శ్రద్ధ పెరిగి, సంపద తరిగిపోయిన గృహస్థులను సంఘం అలా గుర్తించేది. ఆహ్వానం లేకుండా ఆ ఇంట భిక్ష స్వీకరించడం దోషం. దాత ఉత్సాహం ఎంతగా ఉన్నా, అతడు మోయగల భారానికి ఒక మేర ఉంటుందని సంఘం గ్రహించింది. నేటి నిర్వహణశాస్త్రం భార సామర్థ్యం అంటున్న దానికి ఇది అతి దగ్గరి పూర్వరూపం.

బస్తర్‌లో ఈ మేర స్పష్టంగా కనిపించే చోటు ధుడ్‌మారాస్. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం పరిసరాల్లోని ఈ ధుర్వా గ్రామం, 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపికైన 20 గ్రామాలలో ఒకటి. గృహవసతి, వెదురు తెప్పలపై నదీవిహారం అక్కడి ఆకర్షణలు. ఇటువంటి ఊరిలో ఆతిథ్యం లెక్క గదులతో ముగియదు. నీరు ఎవరు మోస్తారు, వంట ఎవరు చేస్తారు, పొలం పనుల రోజుల్లో అతిథిని ఎవరు చూసుకుంటారు అన్నవి కూడా ఆ లెక్కలోనివే. ఎంపిక వార్త వెలువడిన తరువాత వచ్చేవారి సంఖ్య పెరగడం సహజం. ఎందరు రావచ్చునో నిర్ణయించే అధికారం గ్రామం చేతిలోనే ఉండాలి.

1982లో ఏర్పడిన ఆ ఉద్యానంలోనే కుటుంసర్ గుహ ఉంది. వర్షకాలంలో గుహను మూసివేస్తారు. మిగిలిన కాలంలో మార్గదర్శకుని వెంట లోనికి వెళ్ళాలి. సున్నపురాతి గుహలో మనుషుల శ్వాస, వెలుతురు, స్పర్శ నెమ్మదిగా హాని చేస్తాయి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1963లో సందర్శకులకు మూసివేయవలసి వచ్చింది మనుషుల శ్వాస, వెలుతురు వంటి కారణాలవల్లనే.

పురావస్తు పరిశోధకులకు, భిక్షువులకు అన్నింటికంటె కఠినమైన పాఠం కొండగావ్ జిల్లా అటవీప్రాంతంలోని భోంగాపాల్. అక్కడి ఇటుక చైత్యాన్ని సుమారు 5–6 శతాబ్దాలకు, అనగా నలవంశీయుల కాలానికి చెందినదిగా భావిస్తారు. అక్కడి బుద్ధ ప్రతిమను చుట్టుపక్కల ప్రజలు డోక్రా బాబాగా కొలుస్తారు. డోక్రా అంటే ముసలివాడు. తెలుగులో తాత అన్నట్లే. ఈ పేరును అజ్ఞానంగా భావించి, పలక పెట్టి సరిదిద్దాలనుకోవడం తొందరపాటు. చైత్యాన్ని ఎవరూ దర్శించని శతాబ్దాలలో ఆ ప్రతిమకు పూజ జరిపినవారు ఈ ప్రజలే. బౌద్ధ యాత్రాపథం పేరిట పలకమీద బుద్ధుని పేరు మాత్రమే మిగిలితే, ఆవాసికుడు తన చోటనే ఆగంతుకుడవుతాడు.

కనుక స్థలపరిచయంలో మూడు విషయాలను వేరుగా చెప్పాలి: తవ్వకంలో లభించినది, పండితులు ఊహించినది, గ్రామం నమ్ముతున్నది. ఈ మూడింటినీ కలిపి చెప్పే మార్గదర్శకుని మాట వినసొంపుగా ఉండవచ్చు, నమ్మదగినది కాదు. ఆ ఊరి యువకులకే ఈ శిక్షణ ఇవ్వడం ఉత్తమం. యాత్రకు వచ్చే భిక్షువులు ప్రతిమకు చీవరం కప్పాలన్నా, దీపం వెలిగించాలన్నా, సూత్రపఠనం చేయాలన్నా ముందుగా గ్రామ పెద్దలను, అక్కడి పూజారిని అడగాలి. వేళలు కనుక్కోవడం ఆగంతుక వత్తంలోనే ఉంది.

తెలుగువారు బస్తర్‌ను దూరదేశంగా తలచనక్కరలేదు. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ రైలు జగదల్‌పూర్ చేరుస్తుంది. విజయవాడ వైపు నుంచి 30వ జాతీయ రహదారి భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా వెళుతుంది. దంతేవాడ జిల్లా బార్సూరులో 1060 నాటి తెలుగు శాసనం లభించింది. ఛిందక నాగవంశీయుడైన జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, తెలుగు చోడుడైన చంద్రాదిత్యుని ఆలయ నిర్మాణాన్ని అది తెలుపుతుంది. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా, చిత్రకోట జలపాతం చూసి సాయంత్రానికే తిరుగుముఖం పట్టే యాత్రలు తక్కువేమీ కావు. అటువంటి యాత్రవల్ల ఊరికి మిగిలేది చెత్త మాత్రమే.

గమిక వత్తం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వెళ్ళే భిక్షువు కొయ్య, మట్టి సామగ్రిని సర్ది, తలుపులు, కిటికీలు మూసి, వసతిని మరొక భిక్షువుకో, సామణేరునికో, ఆరామికునికో అప్పగించి వెళ్ళాలి. యాత్రాబృందం బయలుదేరే ముందు గదిని, నీటి కుండను, తాను తెచ్చిన ప్లాస్టిక్‌ను ఎవరి సమక్షంలో సరిచూడాలో యాత్రాపత్రంలో రాయడం కష్టమేమీ కాదు. ఆ పేరు ఇంటి యజమానిదై ఉండాలి. బస్సు నిర్వాహకునిది కాదు.