పాటకు అనుమతి, వార్తకు నిషేధం

ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వింటూ పెరిగినవాణ్ణి నేను. వార్త అంటే హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మన ఊరికి వచ్చేదనే అనుకునేవాణ్ణి. ఊరి నుంచి బయలుదేరేది కూడా వార్తేనన్న ఊహ, జహీరాబాదు దగ్గరి మాచునూరు సంఘం రేడియో సంగతి తెలిశాకే కలిగింది.

డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల తరఫున 2008 అక్టోబరు 15న, 90.4 మెగాహెర్ట్జ్ మీద ఆ ప్రసారాలు మొదలయ్యాయి. మైకు పట్టిందీ, రికార్డు చేసిందీ దళిత స్త్రీలే. జొన్న, సజ్జ, విత్తనాలు దాచుకునే తీరు, పండుగలు, పాటలు అన్నీ ఆ ఊళ్ళ మాటలోనే. 'శిష్ట' భాష కోసం ఎవరూ నాలుక సవరించుకోలేదు.

అయితే ఒక చిక్కుంది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. 2006లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకూ సామాజిక రేడియో నడుపుకునే వీలు కల్పించింది. కాని సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయకూడదని షరతు పెట్టింది. ఆ తర్వాత కొంత సడలించింది: ఆకాశవాణి నుంచి తీసుకున్న వార్తలను మాత్రం వినిపించవచ్చు.

అంటే, విత్తనం మీద పాట సంస్కృతి. ఆ విత్తనం ఈ ఏడు మొలవలేదంటే మాత్రం వార్త! కలుపు తీస్తూ పాడే స్త్రీ ఈ గీత ఎక్కడ గీయాలి? జానపద సాహిత్యం సేకరించిన మనమూ ఇదే పని చేశాం. కూలి రేటు గురించి ఆమె అన్న మాట వదిలేసి పల్లవి రాసుకున్నాం. నా పాత నోటు పుస్తకాల నిండా పల్లవులే.