రెండు స్కాన్లు – ఒకే బొమ్మ

పల్చటి కాగితాల మీద మన శ్రీకాకుళం జిల్లా పటాలు రెండు గీశామనుకుందాం. ఒకదానిలో నాగావళి, వంశధార నదులు. మరొకదానిలో రోడ్లు, ఊళ్లు. రెండింటినీ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, సముద్రతీరం, సరిహద్దులు కలిసేదాకా జరుపుతాం, తిప్పుతాం. కలిశాక అరసవల్లి నాగావళికి ఎంత దగ్గరో, ఏ రోడ్డు ఏ నదిని ఎక్కడ దాటుతుందో తెలిసిపోతుంది. పెద్దాసుపత్రుల్లో కంప్యూటర్ చేసే పనీ ఇలాంటిదే.

సి.టి. స్కాన్‌ను ఎక్స్‌రేలతో తీస్తారు. ఎముకలు, అప్పుడే జరిగిన రక్తస్రావం అందులో బాగా తెలుస్తాయి. ఎం.ఆర్.ఐ. అయస్కాంతం, రేడియో తరంగాలతో మెదడు వంటి మెత్తని భాగాలను చూపిస్తుంది. కానీ రెండు యంత్రాల్లోనూ రోగి తల ఒకేలా ఉండదు. అందుకే ఒక బొమ్మను కదపకుండా ఉంచి, రెండోదాన్ని దానికి సరిపెడతారు. ఇదే ఇమేజ్ రిజిస్ట్రేషన్. తర్వాత రెండింటినీ కలిపి చూపడం ఫ్యూజన్.

ఇక్కడొక చిక్కుంది. సి.టి.లో తెల్లగా ఉండే పుర్రె ఎముక ఎం.ఆర్.ఐ.లో దాదాపు నల్లగా ఉంటుంది. రంగును రంగుతో పోల్చి లాభం లేదు. 'ఇక్కడ తెలుపున్న చోట అక్కడ నలుపు' అనే పొంతన ఎప్పుడు గట్టిగా కుదురుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. ఈ పద్ధతి 1990లలో వచ్చింది. మెదడుకు జరపడం, తిప్పడం చాలు. ఊపిరితో కదిలే కాలేయానికైతే బొమ్మను సాగదీయాలి కూడా. రేడియేషన్ వైద్యంలో ఎం.ఆర్.ఐ.లో కనబడిన గడ్డ అంచును సి.టి. మీదికి ఇలాగే తెస్తారు. కొద్ది మిల్లీమీటర్లు తప్పినా కిరణాలు మంచి భాగాన్ని తాకవచ్చు.

ఒకరి స్కాన్లనే కాదు, వందమందివీ కలపవచ్చు. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, 50 మంది పురుషులు, 50 మంది స్త్రీల ఎం.ఆర్.ఐ.లను సరిపెట్టి ఇండియన్ బ్రెయిన్ అట్లాస్ తయారుచేశారు. అంతకుముందు ఎక్కువగా వాడిన నమూనా కెనడాలోని మాంట్రియల్‌లో, పాశ్చాత్యుల మెదళ్లతో తయారైనది. దానితో పోలిస్తే మనవాళ్ల మెదడు సగటున చిన్నదని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని కాదు. అల్జీమర్స్ వంటి జబ్బుల్లో మెదడు కుంచించుకుపోతుంది. పరాయి కొలతతో చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ జబ్బుందని పొరబడే ప్రమాదముంది. హాస్టల్లో అందరికీ ఒకే సైజు యూనిఫాం కుట్టించి, వదులైతే పిల్లవాడే చిక్కిపోయాడంటే ఎలా?

ఇంట్లో ఎవరికైనా స్కాన్ తీస్తే ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకుందాం, దాచుదాం. కంప్యూటర్ సరిపెట్టేది సీడీలోని బొమ్మలనే. పాతదాని మీద కొత్తది పెట్టి చూస్తేనే గడ్డ పెరిగిందో తగ్గిందో డాక్టరుకు స్పష్టంగా తెలుస్తుంది.