పోయిన చెత్త బుట్టల భర్తీ - వ్యయ భారం ఎవరిది?

ఇంటింటి చెత్త సేకరణ వ్యవస్థలో గృహస్థుని వద్ద ఉండే చెత్త బుట్ట అతి చిన్న పరికరం. అయితే ఆ బుట్ట కనిపించకుండా పోయిన నాటి నుండి తడి చెత్త, పొడి చెత్త ఒకే సంచిలో చేరే అవకాశం ఏర్పడుతుంది. కూరగాయల తొక్కలతో పాటు పగిలిన గాజు, వాడిన బ్లేడు, ఇంజెక్షన్ సూది కలిసి వచ్చినపుడు వాటిని వేరు చేయవలసిన వారు పారిశుద్ధ్య కార్మికులే. కాబట్టి పోయిన బుట్ట స్థానంలో కొత్తది ఎవరు కొనాలన్న ప్రశ్న పద్దుల లెక్కకు మాత్రమే పరిమితమైనది కాదు. కార్మికుల ఆరోగ్యానికి సంబంధించినది కూడా.

పంపిణీ నేపథ్యం

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ కార్యక్రమం ప్రారంభమైన అనంతరం పలు నగరాలు గృహాలకు బుట్టలను పంపిణీ చేశాయి. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 2015లో తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం రంగు బుట్టల చొప్పున సుమారు 22 లక్షల గృహాలకు 44 లక్షల బుట్టలను అందజేయాలని సంకల్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లాప్ కార్యక్రమం క్రింద పట్టణ గృహాలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులలో మూడేసి బుట్టలు ఇచ్చే ఏర్పాటు జరిగింది.

ఈ విధంగా తొలి పంపిణీ ఒక పథకం క్రింద, ఒకేసారి మంజూరైన నిధులతో జరుగుతుంది. భర్తీ మాత్రం ఏటా పునరావృతమయ్యే వ్యయం. ఉదాహరణకు పది వేల గృహాలు గల పట్టణంలో ఏటా నూటికి ఐదు ఇళ్లలో రెండేసి బుట్టలు పోయినా, పాడైనా వెయ్యి కొత్త బుట్టలు అవసరమవుతాయి. ఈ వ్యయానికి పద్దు కేటాయించనపుడు బుట్ట కోరిన గృహస్థునికి, ఇవ్వలేని సిబ్బందికి మధ్య వివాదం తలెత్తుతుంది.

నిబంధనలు చెప్పినది

74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ పురపాలక సంస్థల విధులలో ఒకటిగా ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 8న ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమావళి, చెత్తను ఉత్పత్తి చేసే ప్రతి ఒక్కరూ దానిని జీవ విచ్ఛిన్నమయ్యేది, కానిది, గృహ హానికర వ్యర్థం అనే మూడు రకాలుగా వేరు చేసి, తగిన బుట్టలలో నిల్వ చేసి, అధీకృత సిబ్బందికి అప్పగించాలని నిర్దేశించింది. ఉపవిధులలో పేర్కొన్న వినియోగ రుసుము చెల్లించాలని కూడా తెలిపింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. గృహస్థుని విధిగా ఈ నియమం కోరినది చెత్తను వేరు చేయడం. అందుకు తగిన బుట్ట చాలు. పురపాలక సంఘం ఇచ్చిన బుట్ట పోయినంత మాత్రాన చెత్తను కలిపి ఇవ్వడానికి గృహస్థునికి అది సాకు కాజాలదు. అదే విధంగా పాత బకెట్లలో వేరు చేసి ఇచ్చిన చెత్తను, నిర్ణీత రంగు బుట్ట లేదన్న కారణంతో సిబ్బంది తిరస్కరించడం కూడా సమంజసం కాదు.

బ్రిటన్ అనుభవం

1990 నాటి బ్రిటన్ పర్యావరణ పరిరక్షణ చట్టం 46వ సెక్షన్ ఈ విషయాన్ని ముందుగానే స్పష్టపరిచింది. గృహస్థుడు ఏ రకమైన, ఎన్ని బుట్టలు వాడాలో స్థానిక సంస్థ నోటీసు ద్వారా నిర్ణయించవచ్చు. వాటిని ఉచితంగా ఇవ్వవచ్చు, గృహస్థుని సమ్మతితో వెల తీసుకొని ఇవ్వవచ్చు, లేదా గృహస్థుడే సమకూర్చుకోవాలని కోరవచ్చు. అక్కడి పలు కౌన్సిళ్లు తొలి బుట్టను ఉచితంగా ఇచ్చి, భర్తీకి మాత్రం రుసుము వసూలు చేస్తున్నాయి. నిర్ణయం ఏదైనప్పటికీ అది ముందుగా లిఖితపూర్వకంగా ఉండడమే ఇందులోని మేలు.

కారణాన్ని బట్టి బాధ్యత

బుట్ట పోవడానికి కారణాలు అన్నీ ఒకటి కావు. కనుక బాధ్యత కూడా ఒకరిదే కాజాలదు. ఎండకు పెళుసుబారి విరిగిన బుట్ట సహజంగా అరిగిన వస్తువు. పురపాలక సంఘం దానిని తన ఆస్తిగా పరిగణించినట్లయితే భర్తీ వ్యయం సాధారణ నిధి నుండి భరించడం న్యాయం. సేకరణ వాహనం క్రింద పడి నలిగినా, సిబ్బంది విసరడం వలన పగిలినా, ఆ నష్టం సేకరణ చేపట్టిన సంస్థ లేక గుత్తేదారుది. నీరు, ధాన్యం నిల్వకు వాడుకొన్న బుట్ట విషయంలో, లేదా అమ్ముకొన్న బుట్ట విషయంలో గృహస్థుడే వెల చెల్లించాలి. అద్దెదారు ఇల్లు మారుతూ వెంట తీసుకొనిపోయే సందర్భాలను నివారించాలంటే బుట్టను వ్యక్తి పేరున కాక ఇంటి నంబరు పేరున నమోదు చేయడం ఉపయుక్తం.

అన్నిటికంటె జటిలమైనది దొంగతనం. వీధి గుమ్మం ముందు బుట్ట ఉంచమని కోరినది పురపాలక సంఘమే అయినపుడు, అక్కడి నుండి పోయిన బుట్ట నష్టాన్ని పూర్తిగా గృహస్థునిపై మోపడం న్యాయమనిపించుకోదు. ఫిర్యాదు నమోదు చేసిన వారికి మొదటిసారి ఉచితంగా, తదుపరి కొనుగోలు ధరకు ఇచ్చే పద్ధతి ఇరువర్గాలకు సమతూకంగా ఉండగలదు.

ఉచితమన్నంత మాత్రాన వ్యయం లేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త సేకరణ రుసుము రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు. ఇటువంటి రుసుము లేని చోట భర్తీ వ్యయం ఆస్తి పన్ను తదితర సాధారణ ఆదాయం నుండే రావాలి. అనగా బుట్టను భద్రంగా చూసుకొన్నవారు కూడా అందులో భాగం భరిస్తారు. అలాగని పూర్తి వెల వసూలు చేసినట్లయితే రోజు కూలీపై ఆధారపడిన కుటుంబం బుట్ట కొనడం మానుకొని, చెత్తను సమీపంలోని కాలువలో వేసే ప్రమాదమున్నది. మురుగు కాలువ పూడిక తీతకు అయ్యే వ్యయం ఒక బుట్ట వెలకు మించినది.

కావున బుట్ట ఎవరి ఆస్తి, ఎంత కాలానికి మార్చాలి, ఏ సందర్భంలో ఎవరు చెల్లించాలి, పేద కుటుంబాలకు ఏ మినహాయింపు అన్న నాలుగు అంశాలను పంపిణీకి ముందే కౌన్సిల్ తీర్మానం ద్వారా ఉపవిధులలో చేర్చి, వార్డు స్థాయిలో ప్రచారం చేయడం అవసరం. నియమం ముందే తెలిసి ఉన్నట్లయితే వివాదం గుమ్మం వద్దకు రాదు. కలిసిన చెత్త కార్మికుని చేతికి చేరదు.