ఇంటిపెట్టెలోని చరిత్ర: నెల్లూరు తీరపు రైతుకుటుంబముల స్మృతిరక్షణ

నెల్లూరు మండల శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు 1905 లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. రాతిమీదిదియు రాగిరేకుమీదిదియు నిలిచినది. రైతు యింటి ట్రంకుపెట్టెలోని దానికి అట్టి భాగ్యము కలుగలేదు.

ఈ కొఱతను మెన్నోనైటుల యుదాహరణము స్పష్టము చేయును. వీరు పదునాఱవ శతాబ్దమున ఐరోపాలో నేర్పడిన శాంతివాద క్రైస్తవులు. పెక్కుతరములు సేద్యమే వీరికి జీవనము. వలసపోయిన చోటికెల్ల కుటుంబపు బైబిలును గొనిపోయి, అందలి ఖాళీపుటలలో జననమరణములు వ్రాసికొనుట వీరిలో పరిపాటి. వీరిలో నొకడగు అబ్రహాము ఫ్రీసెను దక్షిణ రష్యా (నేటి ఉక్రెయిను) నుండి వచ్చి 1890 ప్రాంతమున నల్లగొండలో పనికి పూనెను. ఆ పని సామ్యూలు డే 1840 లో నెల్లూరున స్థాపించిన అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషనుకు చెందినదే. తరువాతి మెన్నోనైటు మిషనరీల పత్రములు నేడు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోయందును, కాన్సాసులోని హిల్స్‌బరోయందును భద్రముగా నున్నవి. వానిలో తెలుగు రైతు కనబడును గాని మాటలాడడు. ఆతని మాటను మన తీరపు టిండ్లలో, క్రైస్తవులవైనను కాకున్నను, వెదకవలెను.

ఆ యిండ్లలో నేమి దొరకును? పట్టాలు, శిస్తురసీదులు, బాప్తిస్మపత్రములు, పెండ్లిఫోటోలు, ఒకానొకచో తాటాకు లెక్కలు. ఉప్పుగాలి, చెదలు వీనికి నిత్యశత్రువులు. 1989 నాటి కావలి తుపాను, 2004 నాటి సునామీ వంటివి ఒక్కదినముననే తుడిచివేయగలవు.

కొయ్యకుంచము నొకదానిని తీసికొందము. ప్రదర్శనశాలలో నది కొలపాత్ర మాత్రమే. అందు మొలగొలుకులు కొలిచిరా, కూలికి నిండుగా కొలిచిరా, తలగొట్టి కొలిచిరా యనునది ఆ యింటి ముసలమ్మ చెప్పినగాని తెలియదు. కొలిచినవారి యింటను, కొలిపించుకొన్నవారి యింటను ఒకే కుంచమునుగూర్చి వేర్వేరు కథలుండును. పరిశోధకుడు రెండిండ్లకును పోవలెను. మనవారు తఱచుగా మొదటి యింటనే కాఫీ త్రాగి తిరిగివత్తురు.

కావున వస్తువుకన్న ముందు మాటను పట్టవలెను. చెప్పినవారి పలుకుబడిని దిద్దక, ధ్వనిముద్రణము చేసి, తేదీ, ఊరు వ్రాయవలెను. ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాయవచ్చును, సిరా కూడదు. కాగితమునకు ప్లాస్టిక్ అతికించుట రక్షణ కాదు, నాశనమే. తాటాకునకు మాత్రము నిమ్మగడ్డినూనె పూయు పాతపద్ధతి మంచిది.

మూలవస్తువును విభాగమునకు తెచ్చుకొనవలెనను నాశ పరిశోధకునకు సహజము. అయినను, కుటుంబము కోరిననే తప్ప దానిని కదల్పరాదు. ప్రతి యొకటి విభాగమునను, ఒకటి ఆ యింటను ఉంచిన చాలును.