ప్రాణవాయు సూచిక – సాక్షిని శిక్షింపవలదు



చిరకాలము బాలురకు వ్యాకరణమును, కావ్యములను బోధించి విశ్రాంతి పొందిన నేను నేఁడు కారుయొక్క యంత్రమును గుఱించి ప్రసంగింపఁబూనుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. కాని మన పల్లెలలో సయితము ఇప్పుడు కారు నిలువని వీధి యరుదు. కొడుకో, అల్లుఁడో కారులో వచ్చుటయు, దాని మరమ్మతునకు వేలకొలఁది రూపాయలు పోయుటయు మన కన్నుల యెదుటనే జరుగుచున్నది. ఆ వ్యయములోఁ గొంత కేవలము తొందరపాటువలనఁ గలుగునదియే యని నాకు స్వానుభవమునఁ దెలిసినది. ఆ సంగతి విన్నవింతును.

మా యల్లుని పెట్రోలు కారునందు, చోదకుని యెదుటి పలకలో, ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపమొకటి వెలిఁగెను. పట్టణములోని మరమ్మతుశాలవారు స్కానరు అను పరికరమును దగిలించి చూచి, ‘ముందరి ఆక్సిజన్ సెన్సరు చెడినది’ యని క్రొత్తదానిని బిగించి, కాలిపోయిన ఫ్యూజు నొకదానిని గూడ మార్చిరి. దీపమాఱినది. ఎనిమిదవ దినమున మరల వెలిఁగినది. ఈసారి వెనుకటి సెన్సరును, దానితోఁ బాటు ఫ్యూజును మార్చిరి. పదిదినములు గడవకముందే దీపము మూఁడవసారి వెలిఁగినది. అప్పుడు మా ప్రక్కయూర యంత్రములు బాగుచేయు నా పూర్వశిష్యుఁ డొకఁడు వచ్చి నిజమును గనిపెట్టెను. నాఁడు గురువు శిష్యుఁడును, శిష్యుఁడు గురువును అయిరి. అతఁడు చెప్పఁగా వినినదియు, చేయఁగాఁ జూచినదియు మీకుఁ దెలుపుదును.

ముందుగా ఈ సెన్సరు చేయు పని యేమి? పొయ్యికి గాలి చాలనిచో పొగ క్రమ్మును. గాలి మిక్కుటమైనచో మంట చెదరి వేఁడి వ్యర్థమగును. ఇంజనునందును అంతియే. పెట్రోలు ఒక పాలు, గాలి రమారమి 14.7 పాళ్లు తూకమునఁ గలిసినయెడల రెండును శేషము లేక దహించును. ఆ పాళ్లు కుదిరినవో లేదో యెఱుఁగుటకు పొగ వెడలు గొట్టమునందు ఈ సెన్సరును బిగింతురు. దీని కొనయందు జిర్కోనియా యను పింగాణివంటి పదార్థముండును. దానికి ఒకవంక వెలుపలి గాలి, మఱియొకవంక ఇంజను పొగ తాఁకుచుండును. ఆ రెంటియందలి ప్రాణవాయువునకుఁ గల భేదమును బట్టి దానిలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. పెట్రోలు హెచ్చై పొగలో ప్రాణవాయువు మిగులనిచో రమారమి 0.9 వోల్టు, పెట్రోలు తక్కువై ప్రాణవాయువు మిగిలినచో రమారమి 0.1 వోల్టు. కారులోని కంప్యూటరు ఈ వార్తను విని పెట్రోలును హెచ్చించుచుఁ దగ్గించుచు నుండును.

ఇట్టి విద్యుత్తునకు మూలమైన సూత్రమును వాల్థర్ నెర్న్‌స్ట్ అను జర్మను శాస్త్రజ్ఞుఁడు 1889వ సంవత్సరమున వెల్లడించెను. బాష్ సంస్థవారు 1976లో ఈ సెన్సరును కార్లకై తయారుచేయ నారంభించిరి. మొదట వోల్వో కార్లయందు అమర్పఁబడెను. అయితే ఈ పింగాణి సుమారు 300 డిగ్రీలకుఁ బైగాఁ గాఁగినఁ గాని పలుకదు. అందుచే 1982లో దానిలోపల వేఁడి పుట్టించు సాధనము నొకదానిని గూడ నమర్చిరి. ఇట్టి సెన్సర్లకు సాధారణముగా నాలుగు తీఁగలుండుట కిదియే కారణము: రెండు వేఁడికొఱకు, రెండు వార్తకొఱకు.

పొగను జూచి నిప్పు నూహించుట తర్కము చదువుకొన్నవారందఱు నెఱిఁగిన యుదాహరణమే. హేతువు దుష్టమైనచో ఊహయు దుష్టమగును. సెన్సరు సాక్షివంటిది. సాక్షి మాట తేడాగా నున్నప్పుడు మూఁడు సందేహములు విచారింపవలెను. సాక్షి నిజమే పలుకుచున్నాఁడా? సాక్షి కన్ను చెడెనా? లేక సాక్షికి అన్నము పెట్టువారు మానుకొనిరా?

మొదటిది. ‘పెట్రోలు తక్కువ’ యని సెన్సరు పలికెననుకొందము. స్కానరునందు పి 0171 అను సంఖ్య కనఁబడును. లోనికి గాలి గొనిపోవు రబ్బరు గొట్టము చీలియుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనమై యుండవచ్చును. అపుడు సాక్షి పలికినది సత్యమే. స్పార్కు ప్లగ్గు వెలుఁగక పెట్రోలు మండనిచో గాలి శేషించి పొగలోఁ గలియును. పొగగొట్టము సెన్సరునకు ముందు పగిలినచో వెలుపలి గాలి లోనఁ జొచ్చును. అప్పుడు పెట్రోలు చాలినంత యున్నను సెన్సరునకు గాలియే కనఁబడును. ఇందు దేనియందును సెన్సరు దోషము లేదు. దానిని మార్చిన ఫలము సున్న.

రెండవది. సెన్సరు నిజముగాఁ జెడుట. సీసము కలిసిన పెట్రోలు దానికి విషము. మన దేశమున 2000వ సంవత్సరము ఫిబ్రవరినుండి సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. ఇంజనునకు బూయు కొన్ని సిలికాను జిగురులును, ఇంజనులోఁ గాలు నూనెయు దానికి హాని చేయును. పరీక్ష యెట్లనఁగా: ఇంజను బాగుగా వేఁడెక్కిన పిదప నిముసమునకు రమారమి 2,500 చుట్లు తిరుగునట్లు నిలిపి స్కానరులోఁ జూడవలెను. ముందరి సెన్సరు సంఖ్య 0.1కిని 0.9కిని నడుమ చుఱుకుగా ఊఁగవలెను. మందముగా ఊఁగినచో ముసలితనము. ఒక గాలిగొట్టమును క్షణకాలము ఊడఁదీసినను కదలనిచో మరణము. వెనుకటి సెన్సరు మాత్రము నిలుకడగా నుండుటయే మేలు. అదియు ముందరిదానివలె ఊఁగినచో నడుమనున్న, పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరును శంకింపవలెను. కొన్ని కార్లలోని ముందరి సెన్సరు వేఱు జాతిది. దానికీ సంఖ్యలు చెల్లవు. ఆ కారు పుస్తకమునే ప్రమాణముగాఁ గొనవలెను.

మూఁడవది. వేఁడి సాధనపు మార్గము. మా యల్లుని కారునకు వచ్చిన సంఖ్యలు పి 0135, పి 0141. ముందరి సెన్సరునకు ఒకటి, వెనుకటిదానికి ఒకటి. రెండును వేఁడి సాధనమునకు సంబంధించినవే. నా శిష్యుఁడు వానిని జూచి నవ్వి, ‘అయ్యగారూ, ఇద్దఱు సాక్షులు ఒక్క దినముననే మూఁగవోవుదురా? ఇద్దఱకును అన్నము పెట్టు చేయి యొక్కటే యుండవలెను’ అనెను. ఆ కారునందు రెండు సెన్సర్లకును వేఁడి నిచ్చు ఫ్యూజు ఒక్కటియే. తెఱచి చూడఁగా అది మరలఁ గాలియుండెను. మరమ్మతుశాలవారు ఫ్యూజును మార్చిరి గాని, ఫ్యూజు ఏల కాలెనని యడుగలేదు. అతఁడు తీఁగవెంటఁ జేయి నడిపి పోఁగా, బిగింపు ఊడిన చోట ఆ తీఁగ పొగగొట్టముమీఁదికి జాఱి, పై తొడుగు కరఁగి, బండి కుదిపినప్పుడెల్ల ఇనుమును దాఁకుచుండెను. మూరెఁడు తీఁగ, ఒక బిగింపు, ఒక ఫ్యూజు – ఇంతియే మందు. తీసివేసిన సెన్సర్లు రెండును కారులోనే యుండెను. మల్టీమీటరుతో వాని వేఁడి సాధనముల ఒహ్ములు కొలువఁగా, కారు పుస్తకములో వ్రాసిన మేరకే యుండెను. రెండును ఏ నేరమును చేయక శిక్షింపఁబడినవి.

ఒక హెచ్చరిక. ఒహ్ములను వేఁడి తీఁగలయందే కొలువవలెను; వార్త తీఁగలయందుఁ గొలిచినచో సెన్సరు చెడవచ్చును. మూసిన కొట్టములో ఇంజనును నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేక ప్రాణములు దీయును.

అట్లని దీపమును ఉపేక్షింపనురాదు. సెన్సరు పలుకనిచో కంప్యూటరు గ్రుడ్డిగాఁ బెట్రోలు పోయును, ఖర్చు పెరుఁగును, మండని పెట్రోలు కన్వర్టరులోఁ జేరి దానిని కాల్చి పాడుచేయును. దాని వెల సెన్సరు వెలకంటె మిక్కిలి హెచ్చు.

కాఁబట్టి మీ యింటి బండి మరమ్మతునకుఁ బోయినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుఁడు. ఏ సంఖ్య వచ్చినది? ఫ్యూజు చూచితిరా? అది కాలినచో ఏల కాలినది? తీసిన సెన్సరును గొలిచి చూపుదురా? ఇది అవమానింపఁజేయు ప్రశ్న కాదు. నేర్పుగల పనివాఁడు సంతోషముతోఁ జెప్పును. నా శిష్యుఁడు బడిలో వ్యాకరణసూత్రములు అప్పగింపలేక నాచే దెబ్బలు తినినవాఁడు. కారణమును విచారింపక దండించుట గురువునకైనను తగదని యతఁడు నాకు నాఁడు, ఆ మాట యనకయే, నేర్పెను.