మీకు తెలుసా? కాటా చెప్పేది బరువే!

మీ వంటగట్టు మీది స్మార్ట్ కాటాకు పోషకాలు తెలియవు. అందులోని లోడ్‌సెల్ బరువును కొలుస్తుంది, బ్లూటూత్ ఆ అంకెను ఫోన్‌కు పంపుతుంది. క్యాలరీలు, ప్రొటీన్లు లెక్కగట్టేది యాప్‌లోని ఆహార పట్టిక.

• మన తిండికి ప్రామాణిక పట్టిక హైదరాబాద్‌లోనే తయారైంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల విశ్లేషణను ప్రచురించింది.

• 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలుంటాయి. ఉడికాక నీరు పీల్చుకుని బరువు రెట్టింపు దాటుతుంది, క్యాలరీలు పెరగవు. అన్నం తూచి ‘బియ్యం’ అని నమోదు చేస్తే లెక్క తప్పుతుంది.

• నూనె సీసాను కాటాపై పెట్టి సున్నా చేయండి. తాలింపుకు పోశాక మళ్లీ పెడితే, తగ్గిన బరువే వాడిన నూనె. ప్రతి 10 గ్రాములకు 90 క్యాలరీలు!