పందిట్లో ఉయ్యాల... మన చేతులతోనే!

ఉయ్యాలంటే మా వైపు పెద్దిళ్లలో నడవలో వేలాడే టేకు బల్ల. దానిమీద మామగారు పేపరు చదువుకుంటారు. వచ్చిన చుట్టం తీరిగ్గా ఆకూవక్కా వేసుకుంటాడు. కోడలు కాఫీ గ్లాసు అందించి వంటింట్లోకి వెళ్లిపోవాలి. తిరుమల అద్దాల మహల్లో జరిగే డోలోత్సవంలో శ్రీదేవి, భూదేవి స్వామి పక్కనే కూర్చుని ఊగుతారు. మన ఇళ్లలో అమ్మవార్లు మాత్రం నిలబడే ఉంటారు!

ఆడవాళ్ల చోటు పెరడు. అక్కడ అంట్లుంటాయి, బట్టలుతికే బండ ఉంటుంది. కూర్చోవడానికే ఏమీ ఉండదు. అందుకే మదనపల్లెలో మా పెరట్లో పందిరి వేసి, దానికి ఉయ్యాల కట్టాలనుకున్నాను. పుంగనూరు నుంచి అక్క, కుప్పం నుంచి చిన్నమ్మ సాయానికొచ్చారు. "వడ్రంగిని పిలిస్తే పోయేదానికి మీకెందుకమ్మా ఈ తిప్పలు?" అన్న ఎదురింటాయనే సాయంత్రానికి రసమట్టం తెచ్చిచ్చాడు.

పందిరే కదా, టమోటా చేలల్లో పాతే కర్రలు చాలనుకునేరు. అవి కాయల బరువుకే సరి. ఇద్దరు కూర్చుంటే 120 కిలోలనుకోండి. అది కదలకుండా ఉన్నప్పటి లెక్క. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగారంటే, కిందికొచ్చే క్షణంలో రెట్టింపై 240 కిలోల్లా లాగుతుంది. పైగా ముందుకూ వెనక్కూ గుంజుడు. పందిరి భయపడాల్సింది ఈ గుంజుడికే.

చిన్నమ్మ కుప్పం నుంచి రాతి కూసాలు పంపిస్తానంది. అక్కడ గ్రానైటుకు కొదవలేదు, రాయికి చెదలూ పట్టవు. కానీ మీద పెట్టిన బరువును ఎంతైనా మోసే రాయి, పక్కకు లాగితే టక్కున విరుగుతుంది. చిక్కుడు పందిరికి భేషుగ్గా ఉంటాయి, ఉయ్యాలకు వద్దన్నాను. నాలుగంగుళాల మందం, పదడుగుల పొడవున్న వేప స్తంభాలు నాలుగు కోయించాం. పాతే భాగానికి తారు పూసి, రెండున్నర అడుగుల గుంటల్లో అడుగున కంకర పరిచి నిలబెట్టాం. దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు చూసుకుని, చుట్టూ కాంక్రీటు పోశాం. వారం రోజులు నీళ్లతో తడపడం అత్తయ్య పని.

ఉయ్యాల వేలాడే దూలం 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. ఆరంగుళాల వైపు నిలువుగానే ఉండాలి సుమా! పడుకోబెడితే అదే దూలం మూడింట రెండొంతుల బరువే మోస్తుంది. స్తంభమూ దూలమూ కలిసే ప్రతి మూలా ఏటవాలుగా ఆనింపు కర్ర బిగించాం. గొలుసు కొక్కేలకు మరలు తిప్పి ఊరుకోకూడదు. దూలంలో ఈ వైపు నుంచి ఆ వైపుకు బోల్టు పోయి, వాషరు మీద నట్టు పడాలి. బల్ల నేలకు 18 అంగుళాల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లకు కాళ్లానుతాయి. ఊపు ఎంత దూరం పోతుందో చూసుకుని, ఆపైన ముందూ వెనకా మూడేసి అడుగులు ఖాళీ వదలండి. కింద బండలు వద్దు, ఇసుక పోయండి. పిల్లలు పడకుండా ఉంటారా!

ఎవరూ ఎక్కకముందే 50 కిలోల ఇసుక సంచులు ఐదు బల్లమీద పెట్టి ఒక రాత్రంతా వదిలేశాం. తెల్లారి చూస్తే స్తంభాలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అక్క మూడడుగుల పొట్టి పుంగనూరు ఆవు పేడెరువు తెచ్చి, ఒక మూల సన్నజాజి, ఒక మూల చిక్కుడు పెట్టింది.

అత్తయ్య మొదట కూర్చోనే లేదు. "ఈ వయసులో ఊగులాటేంది, మీ మామయ్య చూస్తే?" అంది. ఇప్పుడు సాయంత్రం నాలుగైతే అనపకాయల చేట ఒళ్లో పెట్టుకుని నాకంటే ముందే చేరిపోతుంది. మొన్న లోపలినుంచి మామయ్య కాఫీ అడిగారు. "పాలు పొయ్యిమీదే ఉన్నాయి, కలుపుకోండి. మాకూ రెండు గ్లాసులు" అంది, గింజ ఒలుస్తూనే.

అన్నట్టు, నెలకోసారి నట్లు బిగించి చూడండి. గొలుసు కొక్కెం లోపలివైపు అరుగుతుంది, పైకి కనిపించదు. వేలితో తడిమితే తెలుస్తుంది. పలచబడిందనిపిస్తే ఆ రోజే మార్చేయండి.